ఎర్ర దుమ్ము, రెండో స్థానం

మా మిషనుకు కొత్త జీపు వచ్చింది. దానితో కొత్త డ్రైవరు కూడా వచ్చాడు. నడివయసు మనిషి, మాట తక్కువ. మొన్న సాయంత్రం అతను జగదల్‌పూర్ నుంచి సామాను తెచ్చాడు. బండి ఆపి, దిగి, తువ్వాలుతో మొహం మీది ఎర్ర దుమ్ము తుడుచుకుని, కుండలో నీళ్ళు ముంచుకు తాగి, తన పాకకు వెళ్ళిపోయాడు. నేను మాత్రం వరండాలో అలాగే నిలబడి ఉన్నాను. వినాల్సిన మాట ఏదో మిగిలిపోయినట్టుంది. అది వినకుండా లోపలికి పోవడానికి కాళ్ళు రాలేదు.

కాసేపటికి విషయం అర్థమై నా మీద నాకే విసుగొచ్చింది. ఏ మాట ఏళ్ళ తరబడి వినీ వినీ ఒళ్ళు మండిపోయిందో, ఏ మాట మానిపించాలని ప్రార్థించి, బోధించి, తిట్టి అలిసిపోయానో, ఆ మాట కోసమే నా చెవులు కాచుకు కూర్చున్నాయి.

ఆ మాట "రెండో స్థానం". పోయిన ఎండాకాలం చనిపోయిన మా పాత డ్రైవరు, మోటారు దిగిన ప్రతి సాయంత్రం, ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు చెప్పిన మాట. బస్తర్ సంస్థానంలో జగదల్‌పూర్ నుంచి సుక్మా మీదుగా కొంటా దాకా పోయే సడక్ మీద, రోజంతా ప్రయాణం చేసినా మరో మోటారు కనిపించని రోజులవి. సర్కారు ఆఫీసర్ల కారు ఎప్పుడో నెలకోసారి వచ్చేది. ఉప్పు బస్తాల లారీ దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. మిగతా రోజుల్లో ఎడ్లబండ్లు, మేకలు, అప్పుడప్పుడు ఓ ఎలుగుబంటి. ఆ సడక్ మీద ఒక్కడే బండి తోలుకొచ్చి, పందెంలో రెండోవాడిగా వచ్చానని చెప్పేవాడు.

"ఎవరి వెనక రెండో స్థానమయ్యా?" అని మొదటిసారి అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"మిలాన్ వాళ్ళ వెనక, అయ్యగారూ. ఇయ్యాల మంచిగ తోలిండ్రు. తోంగ్‌పాల్ కాడ నేను దగ్గరికొచ్చిన గని, వాగుల ఇసుక నన్ను ఆపింది."

"మిలాన్ ఇటలీలో ఉంది."

"ఊరు ఆడ్నే ఉన్నది. బండి ముందల పోయింది."

"నువ్వు చూశావా?"

అప్పుడతను తన మొహాన్ని నా మొహం దగ్గరికి తెచ్చాడు. రెప్పల మీద, మీసాల మీద, చెవి మడతల్లో, అంతటా ఎర్ర దుమ్ము. "ముందల ఎవ్వరు లేకపోతే ఈ దుమ్ము ఏడిది? దుమ్ము లేపేటోడు ఒకడు ఉండాలె గద. ఎర్ర దుమ్ము. ఎర్ర బండి ఎవలది? ఇటలీ వాళ్ళది. ఇంక చూసుడెందుకు?"

బస్తర్‌లో దుమ్మంతా ఎర్రగానే ఉంటుందని, ఎడ్లబండి పోయినా లేస్తుందని, గాలికైనా లేస్తుందని చెప్పాను. ఎడ్లబండి పందేలకు రాదన్నాడు. వానాకాలంలో వాగులు పొంగి సడక్ మూసేస్తే దాన్ని "పందేలు లేని కాలం" అనేవాడు. ఒక్క రోజైనా మొదటి స్థానం వచ్చిందని చెప్పుకోలేదు. గొప్పలకు పోయేవాడైతే నాకు సులువుగా ఉండేది, గర్వం మీద ప్రసంగాలు నా దగ్గర చాలా ఉన్నాయి. మతి చెడినవాడైతే జాలిపడేవాణ్ణి. హాస్యమాడేవాడైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. అతను వీటిలో ఏదీ కాదు. పంటల గురించి, జ్వరం గురించి చెప్పినంత మామూలుగా చెప్పేవాడు.

అతని పేరు రాయను. బాప్తిస్మంలో పెట్టిన పేరుతో అతన్ని ఎవరూ పిలవలేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు అతని భార్యకే తెలుసు. మిగతా అందరికీ అతను డ్రైవరే. పొట్టి మనిషి. బండి హ్యాండిలు తిప్పి తిప్పి కుడిభుజం ఎడమదానికంటే లావెక్కింది. కాలినడకన పోతున్నా మలుపు వస్తే ఒక పక్కకు ఒరిగేవాడు. గుమ్మం దాటేముందు ఆగి అటూ ఇటూ చూసేవాడు. ఆరాధనలో చివరి వరుసలో కూర్చుని, నా ప్రార్థన కాస్త పొడుగైతే కుడికాలుతో నేలను గట్టిగా తొక్కేవాడు. మొదట అది భక్తిపారవశ్యం అనుకున్నాను. తర్వాత తెలిసింది, బ్రేకు.

ఈ పిచ్చి అతనికి ఎక్కించిందెవరంటే, తలదించుకుని చెప్పాలి, నేనే. నేను మిషను బడిలో చదువుకుని ఉపదేశిగా వచ్చినవాణ్ణి. వాక్యం చెప్పడం, బాప్తిస్మానికి వచ్చేవాళ్ళకు పాఠాలు చెప్పి సిద్ధం చేయడం నా పని. మా పాదిరి దొరగారికి వాళ్ళ దేశం నుంచి బొమ్మల పత్రికలు కట్టలుగా వచ్చేవి. చూసేసి, పుస్తకాలకు అట్టలు వేసుకోమని నాకిచ్చేవారు. ఒకరోజు డ్రైవరు ఒక బొమ్మ చూసి ఆగిపోయాడు. నేలకు ఆనుకున్నట్టుండే మోటారు, లోపల కళ్ళద్దాలు కట్టుకున్న మనిషి.

"అయ్యగారూ, దీనికి కప్పేది? మడ్గార్డులేవి? ఎవలన్న ఊడబీక్కపోయిండ్రా?"

కింద రాసింది చదివి చెప్పాను. ఐరోపాలో మోటారు పందేలు జరుగుతాయని, బండ్లు చేసే కంపెనీలు తమ దేశం తరఫున పోటీకి దిగుతాయని, ప్రతి దేశానికీ ఒక రంగు ఉంటుందని. ఇటలీకి ఎరుపు, ఫ్రాన్సుకు నీలం, ఇంగ్లండుకు పచ్చ, జర్మనీకి తెలుపు, బెల్జియంకు పసుపు. అంతే. ఒక్క పూట చదివిన పాపానికి పన్నెండేళ్ళు అనుభవించాను.

పత్రికల్లో బొమ్మలు నలుపూ తెలుపే. అతను వాటిని కత్తిరించి సొంతంగా రంగులు వేశాడు. ఫ్రాన్సు బండికి దొరసాని బట్టలకు పెట్టే నీలిమందు, ఇంగ్లండుకు చిక్కుడాకు పసరు, జర్మనీకి సున్నం, బెల్జియంకు భార్య వంటింట్లోని పసుపు. ఇటలీకి మాత్రం ఇల్లు వెతకలేదు. సడక్ మీదికి వంగి గుప్పెడు మన్ను తీసి, జిగురులో కలిపి పూశాడు. వాటిని పనిముట్ల పెట్టె మూత లోపల అతికించాడు. స్పానరు కోసం మూత తెరిచినప్పుడల్లా ఐరోపా అంతా కనిపించేది.

అతను కొంటా దగ్గర దొర్ల తెగవాళ్ళ ఇంట్లో పుట్టాడు. వాళ్ళలో ప్రతి కుటుంబం ఒక గట్టుకు, అంటే ఒక వంశానికి, చెందుతుంది. జాతరలో ఒక్కో గట్టు తన జెండా గుడ్డ వెనక నడుస్తుంది. కాబట్టి ఐరోపా పందేల రంగులు నాకంటే అతనికే త్వరగా అర్థమయ్యాయి. మిలాన్ వాళ్ళది ఎర్ర గట్టు. గుర్రపు నాడా లాంటి ముక్కున్న బండ్లు చేసే ఫ్రాన్సువాళ్ళది నీలం గట్టు. అలా చుట్టరికాలు కలిపేసుకున్నాడు. ఒక ఇటలీ డ్రైవరు జర్మనీ బండి తోలాడని ఒక పత్రికలో చదివి చెప్పిన రోజు అతను అన్నం ముట్టలేదు.

"ఎర్ర గట్టోడు తెల్ల బండి ఎక్కుడేంది? ఆళ్ళ పెద్దలు ఏం చేస్తాండ్రు?"

రంగు బండిని పందేనికి దింపినవాళ్ళ దేశానిది, తోలేవాడు ఎక్కడివాడైనా కావచ్చని వివరించాను. మూడు రోజులు ఆలోచించి నా దగ్గరికి వచ్చాడు. "అంటే అయ్యగారూ, నేను దొర్లోణ్ణే అయినా ప్రభువు బండి తోలచ్చన్నట్టు."

నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఎన్నో పాఠాలు చెప్పినా రాని మాట మోటారు పందెం వల్ల వచ్చింది. దేవుని దారులు వేరు అనుకుంటుండగానే అడిగాడు: "మరి ప్రభువు బండి రంగేంది?"

ఆ ప్రశ్న వదల్లేదు. బస్తర్ రంగేమిటని కూడా పట్టుకున్నాడు. రాజు ఉన్నాడు, జెండా ఉంది, అడవి ఉంది, పందెం రంగు ఎందుకు లేదని. ఎరుపు మనదే, ఇటలీవాళ్ళు ముందే తీసుకుపోయారని బాధపడేవాడు. ఇంతలో పత్రికలో జర్మనీ బండ్లు తెలుపు వదిలి వెండిలా మెరుస్తున్నాయని వచ్చింది. అది చదివింది కూడా నేనే. రంగుకు బరువుంటుంది, అందుకే గీకేసి ఉంటారని తనంతట తనే తేల్చేశాడు. మర్నాడు చూస్తే మిషను మోటారు నల్లరంగంతా గీకేసి, మెరుస్తున్న రేకుతో నిలబడి ఉంది. ఆ వానాకాలం అది నిలువునా తుప్పు పట్టింది. దొరగారు దాని ముందు నిలబడి చూస్తుంటే, ఇతను నా చెవిలో అన్నాడు, "చూసిండ్రా? మన రంగు లోపల్నుంచే వచ్చింది."

దొరగారు తారు పూయించారు. ఆ తారు పూసే పనిలో రెండు రోజులు నేనూ చెయ్యి వేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ తెలియదు.

ఇక ప్రయాణాలు. వెనుకటి రోజుల్లో పందెం బండిలో డ్రైవరు పక్కన ఒక మెకానిక్కు కూర్చునేవాడని, వెనక ఎవరు వస్తున్నారో చూసి చెప్పేవాడని ఒక చోట చదివాను. ఆ పద్ధతి ఎప్పుడో తీసేశారని కూడా అక్కడే ఉంది. ఆ రెండో వాక్యం అతను వినలేదు. ఆ రోజు నుంచి నేను మెకానిక్కును. బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో తలుపు పట్టుకుని, మలుపు మలుపుకూ వెనక్కి తిరిగి చూడాలి. చూడకపోతే బండి ఆపేసేవాడు.

"వెనక చూడుండ్రి అయ్యగారూ."

"ఎవరూ లేరు."

"మంచిగ చూడుండ్రి."

"ఒక మేక ఉంది."

"మేక సంగతి అడుగుతలే."

ఊళ్ళలో జనం చూసి నవ్వేవాళ్ళు. వాక్యం చెప్పడానికి దిగేసరికి నా మెడ పట్టేసి ఉండేది.

ఇదంతా భరించేవాణ్ణి, అతనికి బాప్తిస్మం కావాలని పట్టుదల లేకపోతే. అతని భార్య శబరి ఏటికి అవతల ఒక క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చింది. రొట్టె, ద్రాక్షారసం పంచి బల్ల సంస్కారం ఇచ్చే ఆదివారం ఆమె లోపల మోకరిస్తే, ఇతను బయటికి పోయి బండి తుడుచుకోవాలి. అది అతనికి అవమానంగా ఉండేది. ఆ ఆదివారాల్లో మామూలు కంటే ఎక్కువ తుడిచేవాడు.

పాఠాలన్నీ నేర్చుకున్నాడు. పది ఆజ్ఞలు అప్పజెప్పాడు. అక్కడే చిక్కొచ్చింది. అబద్ధం ఆడకూడదన్న ఆజ్ఞ దగ్గర నేను ఆగాను. "రోజూ సాయంత్రం రెండో స్థానమంటావు. అది అబద్ధం. ముందు ఎవరూ లేరని ఒప్పుకో, ఈ ఏడే నీళ్ళలోకి దింపిస్తాను."

"ముందల ఉన్నరు అయ్యగారూ."

"లేరు."

"మీరే చెప్తిరి గద, అపొస్తలుడు కూడ పందెం ముచ్చటే రాసిండని. అందరు ఉరుకుతరు, బహుమానం ఒక్కడికే అని. మరి రెండోవానికి ఏమిస్తరు?"

"అది ఉపమానం!"

"ఆయన చెప్తే ఉపమానం, నేను చెప్తే అబద్ధమా?"

"ఆయన సాయంత్రం వచ్చి రెండో స్థానమని చెప్పలేదయ్యా!"

"ఆయన ఎన్నో స్థానం వచ్చిండు మరి?"

ఆ ఏడు జాబితాలో అతని పేరు రాయలేదు. మరుసటి ఏడూ రాయలేదు. మూడో ఏడు నేను రాయనని ముందే తెలుసు, అయినా అడిగాడు, నేను కాదన్నాను. నా చేతిలో ఉన్నది దేవుని ఇంటి తాళం, ఇష్టమొచ్చినట్టు తిప్పేది కాదని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ మూడోసారి అతని భార్య నా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, నాకూ అతనికీ కలిపి చీవాట్లు పెట్టింది.

"మీ ఇద్దరు కలిసి నన్ను సంపుతాండ్రు అయ్యగారూ. ఆయన ఒక్క మాట ఇడువడు. మీరు ఒక్క మాట ఇనకుండ ఉండరు. బల్ల కాడికి నేనొక్కదాన్నే పోతున్న. సరే. సచ్చినంక? బాప్తిస్మం లేనోణ్ణి సమాధుల తోటల పెట్టరు గద. ఆడ కూడ ఆయన గోడవతల, నేను గోడివతలనేనా? గోడవతల బండి కూడ ఉండదు, ఏం తుడుస్తడు?"

చివరి మాటకు తనే నవ్వింది, తనే ఏడ్చింది. అతనికి ఒక్క మాట విడవమని చెప్పమన్నాను. "పన్నెండు గంటలు తోలి వచ్చినోణ్ణి దాని గురించే అడుగుడా?" అని లేచి పోయింది.

ఆ ఏడు వానలు వెనకపట్టి, సడక్ ఆరి, జ్వరాలు మొదలైన రోజుల్లో మేమిద్దరం జగదల్‌పూర్ నుంచి క్వినైను డబ్బాలు తెస్తున్నాం. వచ్చే ఆదివారమే శబరి ఒడ్డున బాప్తిస్మాలు. జాబితా దొరగారికి ఇచ్చేశాను. అందులో అతని పేరు లేదని అతనికి తెలుసు. దారిపొడుగునా నేను వెనక్కి చూడలేదు. అతను చూడమనలేదు.

దర్భ దాటి ఘాటు, అంటే కొండదారి, మొదలయ్యే చోట అతని పళ్ళు టకటకలాడడం విన్నాను. ఒళ్ళు ముడితే పెనంలా ఉంది. డబ్బాలోంచి క్వినైను తీసి మింగించాను. అది పని చేయడానికి సమయం పడుతుంది. ఘాటులో పులులు తిరుగుతాయి, ఎండ ఉండగానే దిగాలి. నాకు బండి తోలడం రాదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని నేర్చుకున్నదల్లా వెనక్కి చూడడం.

"అయ్యగారూ, రెండు సడక్‌లు కనబడతానయి."

"ఒకటే ఉంది."

"దేని మీద పోవాలె?"

ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. అతని తల వాలిపోయింది. గిల్లాను. ప్రార్థన చేశాను. కీర్తన ఎత్తుకున్నాను. కీర్తన వినగానే అతనికి ఇంకా నిద్రొచ్చింది. నా ఆరాధనల్లో అలవాటైన నిద్ర. ముందు చక్రం అంచు మీది రాళ్ళను లోయలోకి దొర్లించింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది, నేను పిలవకుండానే.

"వెనక నీలం బండి!"

అతని వీపు నిటారయింది. "ఏంది?"

"నీలం బండి. గుర్రపు నాడా ముక్కు. దగ్గరికొస్తోంది."

"ఎన్ని గజాలున్నది?"

"వంద."

"మంచిగ చూడుండ్రి."

తిరిగి చూశాను. "ఎనభై. మలుపు దగ్గర వెనకబడింది. దాని వెనక తెల్లది కూడా ఉంది."

"రానీయుండ్రి. తొందరపడితే మలుపు కాడ లోయల పడతం. ఓపికతోని పోవాలె. మీరే చెప్తిరి గద." స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, ఒణుకుతూనే, మలుపు మలుపుకూ బండిని నెమ్మదిగా తిప్పాడు. అతని కళ్ళు మూతపడబోయినప్పుడల్లా నేనొక బండి తెచ్చాను. పసుపుదాని చక్రం పేలింది. తెల్లదాని ఇంజను పొగ చిమ్మింది. ఇంగ్లండు పచ్చబండిని లోయలో పడేశాను, అది దొరగారికి చెప్పలేదు. ఆ ఘాటు దిగేలోపు ఆడినన్ని అబద్ధాలు నా అంతకుముందు బతుకంతటిలో ఆడి ఉండను. గొంతు పోయింది. మెడ పట్టేసింది. కింద చదును నేల మీదికి వచ్చాక, సుక్మా దాటాక కూడా ఆపలేదు.

ఇంకా వెలుగుండగానే మిషను చేరాం. తనంతట తనే దిగాడు. చెప్పడానికి నోరు తెరిచి, భార్య చేతుల్లోకి పడిపోయాడు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం స్థానం తెలియలేదు.

మర్నాడు దొరగారి దగ్గరికి పోయి జాబితాలో అతని పేరు చేర్చాను. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో తెలియదు.

ఆదివారం నాటికి జ్వరం దిగింది. దుప్పటి కప్పుకుని ఏటి ఒడ్డున నిలబడ్డాడు. సంఘమంతా ఉంది. దొరగారు తెలుగు నేర్చుకున్నది గ్రంథంలోనే కాబట్టి గ్రంథంలాగే మాట్లాడేవారు. "నీవు అబద్ధమును విడిచితివా?" అని అడిగారు.

విడిచాను అంటే చాలు. ఒక్క మాట. భార్య చేతులు జోడించుకుని అతని వైపే చూస్తోంది.

"నేను అబద్ధం ఆడలే దొరగారూ. ఉన్నదే చెప్పిన. కావాలంటే ఉపదేశి అయ్యగారిని అడుగుండ్రి. ఘాటుల బండ్లు ఆయనగ్గూడ కనబడ్డయి."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఆ మనిషి నన్ను ఎన్ని రకాలుగా విసిగించాడో రాస్తూ వచ్చాను. ఇంతగా ఎప్పుడూ విసిగించలేదు. చూడలేదంటే, ఘాటులో నేను చెప్పిందంతా అబద్ధం, అతను మళ్ళీ ఒడ్డునే ఉండిపోతాడు. చూశానంటే, దేవుని ఎదుట, నీళ్ళ ఎదుట, ఇంకో అబద్ధం.

"నీవు చూచితివా, ఉపదేశీ?" అన్నారు దొరగారు.

"వెనక్కి చూశాను దొరగారూ. దుమ్ము కనబడింది."

"అది ఎవరి దుమ్ము?"

"నేను చెప్పలేను."

చెప్పగలను. మా బండి దుమ్మే. ఆ మాట మింగినందుకు ఆ తర్వాత చాలాసార్లు మోకాళ్ళ మీద క్షమాపణ అడిగాను. ప్రతిసారీ, అడగడం పూర్తయ్యేసరికి, మళ్ళీ అదే పరిస్థితి వస్తే అదే చెప్తానని తెలిసిపోయి లేచేవాణ్ణి.

దొరగారు మా ఇద్దరినీ చూశారు. తర్వాత వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టారు. ఆయన నీళ్ళలోకి దిగే ముందు చేసే పని అది. అతని భార్య అక్కడే కూలబడింది.

తడిబట్టలతో ఒడ్డెక్కి ఇతను తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. కృతజ్ఞత చెబుతాడనుకున్నాను.

"ఏంది అయ్యగారూ, గట్ల చెప్తిరి? వెనక దుమ్ము ఉన్నదంటే మనం ముందలున్నట్టు అర్థం. మరి నా మొహం మీద దుమ్ము ఏడికెళ్ళి వచ్చింది? ముందల ఒకడు పోతాంటే నేను చూసిన. వెనక చూసుడు మీ పని. ముందల సంగతి నన్ను అడగమనాలె."

"మళ్ళీ ముంచమంటావా?" అన్నాను.

ఆ తర్వాత చివరిదాకా భార్యాభర్తలు కలిసి బల్ల దగ్గరికి వచ్చారు. బండి తుడిచే పని సోమవారానికి మారింది. సాయంత్రాలు మాత్రం మారలేదు. ఇప్పుడు సంఘసభ్యుడు కాబట్టి ఇంకా ధైర్యంగా చెప్పేవాడు. యుద్ధం వచ్చి ఐరోపాలో పందేలన్నీ ఆగిపోయాయని, పెట్రోలు దొరకడం లేదని చదివి చెప్పాను. "ఆడ ఆగినయి," అన్నాడు. ఆ యుద్ధంలోనే మిషను మోటారు శాశ్వతంగా ఆగిపోయింది. అతను ఎడ్లబండి కట్టి సామాను తేవడం మొదలుపెట్టాడు. అప్పుడు మాత్రం దిగి ఏమీ చెప్పేవాడు కాదు. ఎడ్లబండి పందేలకు రాదని అతనే కదా అన్నది. నాలుగైదేళ్ళు ఊరుకున్నాడు. ఒకరోజు, ఒకే ఒకరోజు, కొంటా నుంచి వచ్చి, ఎడ్లను విప్పుతూ, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నాకు మాత్రమే వినబడేలా ఆ పాత మాట అన్నాడు. నేను విననట్టు నటించాను. ఆ నటనకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

సంస్థానం ఇక ఉండదని జనం చెప్పుకుంటున్న పోయిన ఎండాకాలంలో, మళ్ళీ జ్వరం వచ్చి పోయాడు. సమాధుల తోట మిషనుకు అర మైలు దూరం, దారంతా పల్లం. శవపెట్టెను అతని ఎడ్లబండిలోనే పెట్టాం. మిగతా సంఘం వెనక నడుస్తోంది. నేను గ్రంథం పట్టుకుని ముందు వరుసలో, పక్కన అతని భార్య. కీర్తన పాడుతూ నెమ్మదిగా పోవాలన్నది పద్ధతి. బండి తోలేవాడికి రెండుసార్లు చెప్పాను.

పల్లంలో ఎడ్లు అందుకున్నాయి. పెట్టె బరువు వెనక నుంచి నెడుతోంది, తోలేవాడు పగ్గాలు లాగుతున్నాడు, అవి వినడం లేదు. పెట్టెకూ సంఘానికీ మధ్య దూరం పెరిగిపోతోంది. చేసేదేముంది, కీర్తన ఆపకుండా పరుగెత్తాం. ముసలివాళ్ళు, పిల్లల తల్లులు, దొరగారు, అందరం. నాకు ఊపిరి ఆడటం లేదు. ఇంత జరిగినా ఈ మనిషి నన్ను తిన్నగా నడవనివ్వడా అని ఒళ్ళు మండిపోయింది.

గోడ ఇవతలే పెట్టాం. చదవాల్సింది చదివాను. మన్ను వేశాం. అంతా వెళ్ళిపోయాక అతని భార్య నా వైపు చూసింది. "తువ్వాలుతోని తుడుచుకోండ్రి అయ్యగారూ. మొహమంత దుమ్మే."

తుడుచుకుని తువ్వాలు చూశాను. ఎర్రగా ఉంది. ఆమె కూడా చూసింది.

"రెండో స్థానం," అన్నాను.